ట్రాన్స్‌ఫార్మరుల సంధానము : ఏకముఖ విద్యుత్తు

చంద్రపూరు జిల్లా రాజురా తాలూకాలోని విరూరు, కాజీపేట నుండి బల్లార్షా పోవు రైలుమార్గముపై నున్న ఊరు. 1956వ సంవత్సరపు రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమునకు పూర్వము రాజురా తాలూకా హైదరాబాదు రాష్ట్రమందలి ఆదిలాబాదు జిల్లాకు చెందియుండెను. ఈ ప్రాంతమున ఇండ్లలో తెలుగు మాటలాడు కుటుంబములు నేటికిని గలవు. వారి పిల్లలకు తెలుగు చెప్పుట నా వృత్తి. విద్యుచ్ఛాస్త్రము నా విషయము కాదు. అయినను ఒక విద్యార్థి వేసిన ప్రశ్న నన్ను ఆ దారి పట్టించినది. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు తెలిసికొనిన సంగతులను ఈ సంచిక పాఠకుల యెదుట నుంచుచున్నాను.

కొన్ని యేండ్ల క్రిందట మా పాఠశాల వార్షికోత్సవమునకు ముందు, పాడైపోయిన ఆంప్లిఫయరు నొకదానిని బాగుచేయ సంకల్పించితిమి. దానికి 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు కావలసియుండెను. మావద్ద 12 వోల్టులవి రెండు మాత్రమే యుండెను. రెండింటిని ఒకదాని వెంట నొకటి కలిపిన చాలునని తలచి అట్లే చేసితిమి. మీటరు సూది సున్నను విడిచి కదలలేదు. విడివిడిగా చూచినచో రెండును 12 వోల్టులు చూపుచున్నవి. కలిపినచో ఏమియు లేదు. అప్పుడు పదవ తరగతి బాలుడొకడు, “సార్, పన్నెండుకు పన్నెండు కలిపితే ఇరవై నాలుగు కావాలె గదా, సున్న ఎట్లయింది?” అని యడిగెను. ఆనాడు నాకు సమాధానము తోచలేదు. ఆ ప్రశ్న యొక బల్లమీది రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మరులకు మాత్రమే సంబంధించినది కాదనియు, మన దేశపు విద్యుద్వ్యవస్థయే యొకప్పు డీ ప్రశ్నను ఎదుర్కొనవలసి వచ్చిన దనియు, దానికి సమాధానము మా జిల్లాలోనే భద్రావతియందు నిర్మింపబడి యున్నదనియు తరువాత తెలిసికొంటిని.

ట్రాన్స్‌ఫార్మరు స్వభావము

విద్యుత్ప్రవాహము రెండు విధములు. ఘటముల నుండి వచ్చునది ఎల్లప్పుడు ఒకే దిశగా ప్రవహించును. దీనిని ఏకముఖ విద్యుత్తు అందురు. మన యిండ్లకు తీగలపై వచ్చునది ముందుకును వెనుకకును ఊగుచుండును. ఇది ఏకాంతర విద్యుత్తు. మన దేశమున ఈ ఊపు సెకనుకు 50 ఆవర్తనములు. ఉయ్యాల ఒక కొననుండి రెండవ కొనకు పోయి మరల వచ్చుట ఒక ఆవర్తన మనుకొన్నచో, అట్టివి సెకనుకు 50 జరుగుచున్నవని భావింపవలెను.

మారుచుండు అయస్కాంత బలము తీగచుట్టలో విద్యుత్తును పుట్టించునని 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. ఈ సూత్రము ననుసరించి, చుట్టును మూసియున్న ఇనుప దిమ్మెపై రెండు తీగచుట్టలను చుట్టి, వ్యవహారయోగ్యమైన ట్రాన్స్‌ఫార్మరును 1885లో బుడాపెస్టు నగరమందలి గాంజ్ కర్మాగారమున జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, దేరీ అను మువ్వురు ఇంజనీర్లు నిర్మించిరి. మొదటి చుట్టకు ప్రాథమికమనియు రెండవదానికి గౌణమనియు పేర్లు. 230 వోల్టుల ప్రాథమికమునకు 1150 చుట్లును, గౌణమునకు 60 చుట్లును ఉన్నచో, వోల్టునకు 5 చుట్ల లెక్కన గౌణమున 12 వోల్టులు లభించును. ఈ యుపకరణమును తెలుగులో పరివర్తకమనియు వ్రాయుదురు.

ఇచట ముఖ్యముగా గమనింపవలసినది ఒకటి కలదు. అయస్కాంత బలము మారుచున్నంతసేపే రెండవ చుట్టలో విద్యుత్తు పుట్టును. ఏకముఖ ప్రవాహము మారదు గనుక ట్రాన్స్‌ఫార్మరు దానిని దాటింపజాలదు. కావుననే ఏకముఖ విద్యుత్తు కావలసినవారు ముందు ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజిని తగ్గించి, పిమ్మట దానిని ఒకే దిక్కునకు త్రిప్పవలెను.

వరుసగా కలుపుట

ఇక బాలుని ప్రశ్నకు వత్తము. ఏకాంతర విద్యుత్తునకు పరిమాణముతోపాటు దశ కూడ కలదు. దశ యనగా, ఆ క్షణమున ఊపు ఎచ్చట నున్నది, ఏ దిక్కునకు పోవుచున్నది అనునది. రెండు గౌణములను వరుసగా కలుపునప్పుడు, రెండును ఒకే క్షణమున ఒకే దిక్కునకు ఊగుచున్నచో 12కు 12 చేరి 24 అగును. ఒకటి ముందుకు పోవునప్పుడు రెండవది వెనుకకు వచ్చుచున్నచో 12లో 12 పోయి సున్న అగును. మేము చేసినది ఈ రెండవ పని. ట్రాన్స్‌ఫార్మరులలో దోషము లేదు. ఒకదాని కొనలను తారుమారు చేసిన వెంటనే సూది 24కు చేరినది. 12 వోల్టుల దానికి 6 వోల్టుల దానిని కలిపినచో ఇదే విధముగా 18 గాని 6 గాని వచ్చును.

కొనలలో ఏది మొదలు, ఏది చివర అని పైకి తెలియదు. మంచి కర్మాగారములు మొదటి కొనకు చిన్న చుక్క గుర్తు నుంచును. గుర్తు లేనప్పుడు, ఒకదాని కొనను రెండవదాని కొనతో చేర్చి, మిగిలిన రెండు కొనల నడుమ మీటరుతో కొలువవలెను. మొత్తము వచ్చినచో సరియైన సంధానము; భేదము వచ్చినచో ఒకదానిని త్రిప్పవలెను. వరుస సంధానమున అన్ని చుట్టలలోను ఒకే ప్రవాహము పోవును. కావున ఒకటి 3 ఆంపియర్లకును మరియొకటి 1 ఆంపియరునకును తగినదైనచో, ఆ జత నుండి 1 ఆంపియరునకు మించి తీయరాదు. బలహీనునిబట్టియే జట్టు బలము.

సమాంతరముగా కలుపుట

వోల్టేజి చాలియుండి ప్రవాహము చాలనప్పుడు, రెండు గౌణములను ప్రక్కప్రక్కన కలుపుదురు. దీనిని సమాంతర సంధాన మందురు. ఇది వరుస సంధానముకంటె కఠినమైనది. ఒకటి 12 వోల్టులు, రెండవది 12.6 వోల్టులు ఇచ్చుచున్నవనియు, ఒక్కొక్క చుట్ట నిరోధము 0.3 ఓములనియు అనుకొందము. పైన ఏ యంత్రమును తగిలింపకపోయినను, 0.6 వోల్టుల భేదము 0.6 ఓముల నిరోధమున 1 ఆంపియరు ప్రవాహమును ఆ రెండు చుట్టలలోనే త్రిప్పుచుండును. అది మనకు ఉపయోగపడదు. చుట్టలను వేడిచేయుటకు మాత్రమే పనికివచ్చును. ఇక పొరపాటున కొనలు తారుమారైనచో 24 వోల్టులకు పైబడిన బలము అదే 0.6 ఓములపై పడి, 40 ఆంపియర్లకు మించిన ప్రవాహము పుట్టును. వరుస సంధానమున తప్పు చేసినచో సున్న వచ్చును. సమాంతర సంధానమున అదే తప్పు చేసినచో పొగ వచ్చును. కావున చివరి కొనను అంటింపక ముందు, ఆ రెండు కొనల నడుమ మీటరు నుంచి సున్న చూపునా యని పరీక్షింపవలెను.

ఈ సందర్భమున నాకే జరిగినదొకటి చెప్పవలసియున్నది. మొదటి ప్రయత్నము ఫలించిన ధైర్యముతో, మరియొక పర్యాయము రెండు ట్రాన్స్‌ఫార్మరులను సమాంతరముగా కలిపి, రెండింటికిని వేర్వేరు ప్లగ్గులు పెట్టితిని. పని నడుమ ఒక ప్లగ్గును గోడనుండి ఊడబెరికి చేత పట్టుకొంటిని. ఊడబెరికిన ప్లగ్గులో విద్యుత్తు ఎక్కడిది యని తలచితిని. దాని మొనలు తగిలినంతనే చేయి జిల్లుమని విదిలించికొన్నది. బల్లకు తగిలి పడినందున ప్రాణము దక్కినది. చుట్టు నిలిచిన పిల్లలలో ఎవరైనను ఆ ప్లగ్గును పట్టుకొనియుండిన ఏమయ్యెడిదో నేటికిని తలచుకొనలేను.

కారణము ఇది. ట్రాన్స్‌ఫార్మరునకు ముందు వెనుకలు లేవు. గౌణమున 12 వోల్టులు పెట్టినచో ప్రాథమికమున 230 వోల్టులకు దరిదాపుగా పుట్టును. రెండవ ట్రాన్స్‌ఫార్మరు ఇంకను పనిచేయుచు తన 12 వోల్టులను మొదటిదాని గౌణమునకు అందించుచున్నది. మొదటిది దానిని మరల 230కి పెంచి నా చేతిలోని మొనలకు చేర్చినది. కావున పెక్కు ట్రాన్స్‌ఫార్మరులు కలిపి పనిచేయించునపుడు అన్నింటి ప్రాథమికములకును ఒకే ప్లగ్గు, రెండు తీగలను ఒక్కసారి విడదీయు ఒకే స్విచ్చు ఉండవలెను. ఒక్కొక్క గౌణమునకు వేరొక ఫ్యూజు ఉండవలెను. ఈ రెండు నియమములను నా విద్యార్థులచే పద్యములవలె కంఠస్థము చేయించితిని.

ఏకదిక్కరణము

ఏకాంతర విద్యుత్తును ఏకముఖముగా మార్చు సాధనమును రెక్టిఫయరు అందురు. తెలుగు శాస్త్రగ్రంథములలో దీనికి ఏకదిక్కరణి యని పేరు. ఏక, దిక్, కరణి యని విడదీసినచో, ఒకే దిక్కుగా చేయునది అని పదమే తన అర్థమును చెప్పుచున్నది. రెక్టిఫయరు అను మాటను బట్టీపట్టిన బాలునికంటె ఈ పదమును విడదీయగల బాలుడు ఆ సాధనపు పనిని త్వరగా గ్రహించుటను నేను తరగతిలో పలుమారులు చూచితిని.

దీనికి మూలము డయోడు. అది ప్రవాహమును ఒక దిశగా పోనిచ్చి, వెనుకకు రానీయదు. నాలుగు డయోడులను బ్రిడ్జిగా కూర్చినచో ముందు ఊపును వెనుక ఊపును కూడ ఒకే దిక్కునకు చేరును. అప్పుడు సెకనుకు 100 తరంగములు వచ్చును. వాని నడుమ పల్లములను పూడ్చుటకు కెపాసిటరు నుంచుదురు.

లెక్క యిట్లు వచ్చును. 12 వోల్టులన్నది ఏకాంతర విద్యుత్తు యొక్క సార్థక విలువ. శిఖరము దానికి 1.414 రెట్లు, అనగా సుమారు 17 వోల్టులు. మార్గములోని రెండు డయోడులు 1.4 వోల్టులు తీసికొనును. మిగిలినది 15.6. సెకనులో నూరవ భాగముపాటు 1 ఆంపియరును 4700 మైక్రోఫారడుల కెపాసిటరు భరింపవలసివచ్చినచో, వోల్టేజి సుమారు 2 వోల్టులు తగ్గి మరల పెరుగుచుండును. కావున 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరునకు 25 వోల్టులకు తగిన కెపాసిటరును, 24 వోల్టుల జతకు 50 వోల్టులకు తగినదానిని వాడుట క్షేమము.

ఇచటనే బాలుని ప్రశ్నకు రెండవ సమాధానము దొరకినది. రెండు గౌణములను ముందుగా కలుపక, దేని బ్రిడ్జి దానికి, దేని కెపాసిటరు దానికి ఏర్పరచి, ఏకముఖమైన పిమ్మట కలిపినచో దశ సమస్యయే యుండదు. కూడిక, తీసివేత గుర్తులను మాత్రము చూచుకొని, ఒకదాని ధనాగ్రమును మరియొకదాని ఋణాగ్రముతో చేర్చినచో 15.6కు 15.6 చేరి 31 వోల్టులకు పైగా వచ్చును. ఏ కొన మొదలు, ఏ కొన చివర యను ప్రశ్న లేదు. సమాంతరముగా కలిపినచో ఎక్కువ వోల్టేజి గలది ఎక్కువ భారము మోయును గాని, డయోడులు అడ్డుకొనుటచే ఒకదాని విద్యుత్తు మరియొకదాని గౌణములోనికి వెనుకకు పోజాలదు. నా చేతికి తగిలిన దెబ్బ అట్టి సంధానమున తగిలియుండెడిది కాదు. అయితే, వరుసగా కలుపునపుడు ఒక్కొక్క బ్రిడ్జికి వేరొక గౌణము ఉండి తీరవలెను. ఒకే గౌణమునకు రెండు బ్రిడ్జిలు తగిలించి వరుసగా కలిపినచో డయోడులు కాలిపోవును.

మా యూరి మీదుగా పోవు ఇంజనులలోను ఈ పద్ధతి కలదు. రైలుమార్గముపైని తీగలో 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తు ప్రవహించుచున్నది. డబ్ల్యు.ఎ.పి. 4, డబ్ల్యు.ఎ.జి. 7 వంటి ఇంజనులలో చక్రములను త్రిప్పు మోటార్లు ఏకముఖ విద్యుత్తుతో నడచును. వానిలోని ట్రాన్స్‌ఫార్మరునకు రెండు గౌణములు, రెండు సిలికాను రెక్టిఫయరులు ఉండి, ఒక్కొక్కటి మూడేసి మోటార్లను పోషించును.

భద్రావతి

ఇక దేశమంత పెద్ద ప్రమాణమున ఈ విషయమును చూతము. మన దేశపు విద్యుద్వ్యవస్థ యొకప్పుడు ఉత్తర, పశ్చిమ, దక్షిణ, తూర్పు, ఈశాన్య గ్రిడ్లుగా విడివడి యుండెను. 2006 ఆగష్టు నాటికి తక్కిన నాలుగును ఏకమైనను, దక్షిణ గ్రిడ్డు వేరుగనే నిలిచెను. చంద్రపూరు విద్యుత్కేంద్రము పశ్చిమ గ్రిడ్డులోనిది. రామగుండము దక్షిణ గ్రిడ్డులోనిది. రెండును ఇరుగుపొరుగు సీమలవే. రెండింట బొగ్గే ఇంధనము. అయినను అప్పుడు రెండు గ్రిడ్ల ఊపులు కలియకుండెను.

పేరునకు రెండును సెకనుకు 50 ఆవర్తనములవే. వాడుక పెరిగినచో ఊపు కొంచెము మందగించును, తగ్గినచో వేగించును. ఉదాహరణమునకు ఒకటి 50, రెండవది 49.5 ఆవర్తనములలో నున్నవనుకొందము. ఒక క్షణమున రెండును ఒకే దశలో నున్నను, సరిగా ఒక సెకను గడచుసరికి అవి ఎదురెదురు దశలకు వచ్చును. మరియొక సెకనునకు మరల కలియును. మా బల్లమీది పన్నెండులు ఒకసారి కొనలు మార్చుటతో సరిపడినవి. ఈ గ్రిడ్లు మాత్రము సెకను సెకనునకు కొనలు మార్చుకొనుచున్నట్లే. వానిని తిన్నగా కలిపినచో కలుగునది మేము చూచిన పొగ కాదు, మహా విపత్తు.

దీనికి పరిష్కారము మా రెండవ సమాధానమే: ఏకముఖముగా చేసిన పిమ్మట కలుపుట. చంద్రపూరు జిల్లాలోని భద్రావతియందు పవర్‌గ్రిడ్ సంస్థ 1997, 1998 సంవత్సరములలో ఒక్కొక్కటి 500 మెగావాట్ల శక్తి గల రెండు విభాగములతో అట్టి కేంద్రమును నెలకొల్పెను. ఒక ప్రక్కనుండి పశ్చిమ గ్రిడ్డు విద్యుత్తును తీసికొని ట్రాన్స్‌ఫార్మరుల ద్వారా, థైరిస్టరుల ద్వారా 205 కిలోవోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చి, అదే ఆవరణలో రెండవ ప్రక్కన దానిని దక్షిణ గ్రిడ్డు ఊపునకు సరిపడునట్లు మరల ఏకాంతర విద్యుత్తుగా చేసి, 400 కిలోవోల్టుల మార్గమున రామగుండమునకు పంపును. శక్తిని వలసినప్పుడు తిరుగుదిశలోను పంపవచ్చును. థైరిస్టరు కూడ డయోడు వంటిదే. అయితే దాని తలుపు ఎప్పుడు తెరువవలెనో మనము నిర్ణయింపవచ్చును. అందుచే శక్తి ఎంత పోవలెనో, ఎటు పోవలెనో నియమింప వీలగును. ఈ విధమైన కేంద్రములలో మన దేశమున మొదటిది 1989లో వింధ్యాచలమున నెలకొల్పబడినది. విశాఖపట్టణమందలి గాజువాకలోను 1999లో ఒకటి, 2005లో మరియొకటి, 500 మెగావాట్ల చొప్పున ఏర్పడి, తూర్పు గ్రిడ్డును దక్షిణ గ్రిడ్డుతో కలిపినవి.

ఇట్టి కేంద్రములలో పెక్కు గౌణములను కలుపు నేర్పు మరియొకటి కలదు. పెద్ద వ్యవస్థలలో విద్యుత్తు మూడు దశలలో వచ్చును. ఒక మూడు దశల బ్రిడ్జి ఆవర్తనమునకు 6 తరంగములు, అనగా సెకనుకు 300 తరంగములు ఇచ్చును. వాని పల్లము శిఖరములో 86.6 శాతము వరకే దిగును. ఇప్పుడు రెండు గౌణములు తీసికొని, ఒకదానిని నక్షత్రాకారముగను, రెండవదానిని త్రిభుజాకారముగను కలిపినచో, రెండింటి దశలకు 30 డిగ్రీల భేదము ఏర్పడును. వోల్టేజి సమానముగా నుండుటకు త్రిభుజపు చుట్టకు 1.732 రెట్లు చుట్లు ఉండవలెను. ఒక్కొక్క గౌణమునకు ఒక్కొక్క బ్రిడ్జి నమర్చి ఏకముఖమైన పిమ్మట వరుసగా కలిపినచో, ఒకదాని పల్లముపై మరియొకదాని శిఖరము వచ్చి నిలుచును. తరంగములు ఆవర్తనమునకు 12, సెకనుకు 600 అగును, పల్లము 96.6 శాతమునకు దిగువ పోదు. అంతేగాక, ఏకాంతర తీగలలోనికి వెనుకకు పోయి ఇతరులకు బాధ కలిగించు అయిదవ, ఏడవ హార్మోనిక్ తరంగములు ఒకదానినొకటి రద్దు చేసికొనును. మొదట మమ్ము కలవరపెట్టిన దశాభేదమే ఇచట కోరి తెచ్చుకొన్న గుణమైనది.

ఇదే సూత్రముతో 1999లో చంద్రపూరు నుండి ముంబయి సమీపమున పడ్ఘే వరకు 752 కిలోమీటర్ల ఏకముఖ విద్యున్మార్గము ఏర్పడినది. దాని శక్తి 1500 మెగావాట్లు. భూమికి పైన 500 కిలోవోల్టుల ధనము, క్రింద 500 కిలోవోల్టుల ఋణము. రెండు తీగల నడుమ 1000 కిలోవోల్టులు. అదియు, ఒకదాని ధనాగ్రమును మరియొకదాని ఋణాగ్రముతో చేర్చుటయే.

2013 డిసెంబరు 31న రాయచూరు-సోలాపూరు 765 కిలోవోల్టుల మార్గము ద్వారా దక్షిణ గ్రిడ్డు తక్కిన దేశముతో ఒకే ఊపునకు వచ్చినది. అంతటితో భద్రావతి కేంద్రము నిరుపయోగము కాలేదు. కావలసినంత శక్తిని కావలసిన దిక్కునకు నియమించి పంపుటకు అది సాధనముగా నున్నది.

ఉపసంహారము

పన్నెండుకు పన్నెండు కలిపిన సున్న ఎట్లయినదని యడిగిన బాలునకు ఇప్పుడు నేను చెప్పదగిన దిది: సంఖ్యలు సమానమైనంతమాత్రమున కూడిక కుదరదు, దిక్కు కూడ కుదురవలెను. దిక్కు కుదుర్చుట మన చేతిలో నున్నచో కొనలు చూచి కలుపవలెను. మన చేతిలో లేనప్పుడు దేని ఊపును దానికే విడిచి, ఏకముఖమైన చోట కలుపవలెను. కలిపిన తరువాత ఒకదానిని ఊడదీయునప్పుడు రెండవది ఇంకను బ్రతికియున్నదని మరువరాదు.

మా పిల్లలలో పలువురు చదువు ముగిసిన పిమ్మట ఎలక్ట్రిక్ పనులలో చేరుచున్నారు. వారు పనిచేయు చోట మరాఠీ, హిందీ, ఆంగ్లము వినబడును. ఇంటిలో వినబడునది తెలుగు. ప్రమాదమును వారించు మాట ఇంటి భాషలో చేరినచో చేయి ముందుగా ఆగునని నా నమ్మకము. తెలుగు చెప్పువాడు విద్యుత్తును గూర్చి వ్రాయుటకు ఇంతకంటె వేరు కారణము లేదు. ఇందలి లోపములను విజ్ఞులు సవరింతురు గాక.